సోమాలియాలో ఏ పంట మేలు: జొన్నా, మొక్కజొన్నా?

సోమాలియా పేరు వింటే మనకు కరువే గుర్తొస్తుంది. కానీ అక్కడి రైతుదీ మన మెట్ట రైతు పడే టెన్షనే: వాన పడుతుందా, ఏం విత్తాలి?

దిగుబడి చూస్తే మొక్కజొన్నదే పైచేయి. షబెల్లె నది పక్కన, కాలువ కింద పొలం ఉండి, సమయానికి తడి పెట్టగలిగితే నేనూ మొక్కజొన్నే వేయమంటాను. చిక్కల్లా ఆ తడి దగ్గరే. షబెల్లెకు నీళ్లు ఇథియోపియా కొండల నుంచి రావాలి, కొన్నేళ్లు జనవరి-మార్చి మధ్య నది అడుగు కనబడేలా ఎండిపోతుంది, పైగా 1991 తర్వాత అంతర్యుద్ధంలో కాలువలూ తూములూ పట్టించుకునేవాళ్లు లేక పాడైపోయాయి. పూత, పీచు దశలో పది రోజులు నీళ్లు లేకపోతే మొక్క పచ్చగానే కనిపిస్తుంది, కండె ఒలిచి చూస్తే మాత్రం గింజలు అక్కడక్కడే ఉంటాయి.

బైదోవా చుట్టూ ఉన్న బే ప్రాంతంలో పంటంతా వానాధారం. ఏప్రిల్-జూన్‌లో 'గు' వానలు, అక్టోబర్-డిసెంబర్‌లో 'దేర్' వానలు. అక్కడ మారుమాట లేదు, జొన్నే. బెట్ట వస్తే ఆకులు చుట్టుకుని ఎదుగుదల ఆపేసి కూర్చుంటుంది, వాన పడగానే మళ్లీ లేస్తుంది. కోసిన మోడు నుంచి పిలకలు వస్తాయి, చొప్ప పశువులకు పనికొస్తుంది. బెట్టకొచ్చిన లేత జొన్న మేపితే పశువుకు ప్రాణగండం, అది మన రైతులకు చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది వాళ్ల 'బకార్', అచ్చం మన జొన్న పాతరే! నేలలో గొయ్యి తవ్వి, లోపల చొప్ప పరిచి, బాగా ఎండిన గింజ పోసి మట్టితో కప్పేస్తారు. తడి తగలకపోతే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. మొక్కజొన్న సరిగ్గా ఎండకపోతే బూజు పట్టి విషమవుతుంది.

జొన్నకూ కష్టాలున్నాయి. కంకి బయటికే ఉంటుంది కాబట్టి పిట్టలు గుంపులుగా వాలి ఊడ్చేస్తాయి, మొక్కజొన్న కండెకు పొట్టు కాపలా ఉంటుంది. ఇక 2020 చివరి నుంచి 2022 దాకా వరసగా అయిదు సీజన్లు వానలు తప్పాయి, అంత కాలం ఏ పాతరా ఆదుకోలేదు.

అందుకే నా మాట ఇది: నది దగ్గర కూడా కాలువ మొదట్లో ఉన్నవాళ్లే మొక్కజొన్న వేయాలి, చివరి ఆయకట్టు రైతు తిండికి జొన్న వేసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడటానికి దేర్‌లో కాస్త నువ్వులు చల్లుకోవాలి.