ఏడేళ్ళ బోర్డులో రైజెన్ 5 5600: కొన్న కారణం తప్పు, కొన్నది మంచిదే

రైజెన్ 5 5600 ప్రాసెసర్ కొని నాలుగు నెలలైంది. ఏడేళ్ళ కిందట నా చేత్తో బిగించుకున్న డెస్క్‌టాప్‌లోంచి రైజెన్ 5 2600 తీసేసి దీన్ని పెట్టాను. మదర్‌బోర్డు అదే బి450, ర్యామ్ అదే, క్యాబినెట్ అదే. నాకు బాగా నచ్చింది. కానీ నేను ఏ బాధ తీరుతుందని కొన్నానో, దానికీ ప్రాసెసర్‌కూ సంబంధమే లేదు. ఆ సంగతి దాచిపెట్టి రివ్యూ రాస్తే చదివేవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

నేను లెక్కల పాఠాలు రికార్డు చేసి, ఎడిట్ చేసి పిల్లలకు పంపుతాను. ఎడిట్ చేసినదాన్ని వీడియో ఫైలుగా మార్చే ఎక్స్‌పోర్ట్ మొదలైన పది నిమిషాలకు స్క్రీన్ నల్లబడి, కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. బ్లూ స్క్రీన్ కూడా రాదు. విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతిసారీ కెర్నెల్-పవర్ 41. అది కనబడగానే జబ్బు దొరికినట్టు అనిపిస్తుంది గానీ, సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పడమే దాని పని. ఎందుకు ఆగిందో అందులో ఉండదు. ప్రాసెసర్ పాతబడి లోడు మోయలేకపోతోందని నాకు నేనే తేల్చేసుకుని, కొత్తది ఆర్డర్ పెట్టేశాను.

అది చేతికొచ్చేలోపు కూర్చుని వెతికాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. ప్రాసెసర్ వేడి 70 డిగ్రీలు దాటలేదు. ప్రాసెసర్ ఒక్కదానికే పని పెడితే గంట నడిచింది. గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికి పెట్టినా నడిచింది. రెంటికీ ఒకేసారి పెడితే మాత్రం ఐదు నిమిషాల్లో ఢమాల్. స్నేహితురాలి పవర్ సప్లై అడిగి తెచ్చి పెట్టాను. మూడు రోజులు ఎంత వాయించినా రీస్టార్ట్ లేదు! దొంగ దొరికాడు.

కొత్త పవర్ సప్లై తెచ్చుకున్నాను. ఇక్కడొక మాట. కేబుళ్ళు ఊడదీయగలిగే మాడ్యులర్ పవర్ సప్లై అయితే పాతదాని కేబుళ్ళు కొత్తదానికి పెట్టకండి. సాకెట్‌లో ఇమిడినా లోపల తీగల వరస వేరుగా ఉండొచ్చు, హార్డ్ డిస్కులు కాలిపోవచ్చు. కొత్తదానితో వచ్చిన కేబుళ్ళే వాడాలి.

ఇది ముందే బయటపడటం నా అదృష్టం. ఎందుకంటే బి450 బోర్డు 5600ను గుర్తుపట్టాలంటే ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి ఎక్కించడమే. కానీ ఆ నాలుగైదు నిమిషాల మధ్యలో కరెంటు తెగితే బోర్డే పోవచ్చు. ఆ పాత పవర్ సప్లైతో ఆ పని చేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అన్నిటికంటే భయపడింది కూలర్ ఊడదీసేటప్పుడు. ఈ బోర్డులో ఉండే ఏఎం4 రకం సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన ఏడేళ్ళ థర్మల్ పేస్ట్ ఎండి జిగురులా పట్టేసుంటుంది. కూలర్‌ను అలాగే పైకి లాగితే, సాకెట్ లీవర్ మూసి ఉన్నా ప్రాసెసర్ దానితోపాటు పెకలి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని పేస్ట్ మెత్తబడేలా ముందు అరగంట ఎక్స్‌పోర్ట్ నడిపి, వేడి మీద ఉండగానే షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేశాను. నాలుగు స్క్రూలూ మూలమూలకు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా వదులు చేశాను. స్క్రూలు ఊడాక బోర్డు వెనక పలక జారిపోతుంది, దాన్ని ఎడమ చేత్తో పట్టుకోవాలి. కూలర్‌ను లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాను. మూడోసారి తిప్పినప్పుడు 'చప్' మని చిన్న చప్పుడు. కూలర్ నా చేతికొచ్చింది, ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

కొత్తది పెట్టి ఆన్ చేస్తే నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం (రహస్య తాళాలు దాచే భద్రతా భాగం) రీసెట్ చేయాలా అని అడిగింది. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ వాడేవాళ్ళు రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోకుండా ఇక్కడిదాకా రావొద్దు. నేను రాసుకున్నాను కాబట్టి వై నొక్కి ముందుకెళ్ళాను. బయోస్ సెట్టింగులు చెరిగిపోయి ర్యామ్ వేగం 2133కు పడిపోయింది. ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగు మళ్ళీ ఆన్ చేశాను. పాత ప్రాసెసర్‌తో నా ర్యామ్ 2933 దాటితే బూట్ అయ్యేది కాదు, ఇప్పుడు 3200 దగ్గర నిలకడగా ఉంది.

ఇక పనితీరు. రెండూ ఆరు కోర్లు, 12 థ్రెడ్లే, రెండూ 65 వాట్లే. అయినా ఇరవై నిమిషాల పాఠం ఎక్స్‌పోర్ట్ కావడానికి 14 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 9. అంతకంటే నాకు విలువైనది ఎడిటింగ్ చేసే టైమ్‌లైన్. గ్రాఫులు, చేతిరాత పొరలు నాలుగు ఒకదానిమీద ఒకటి వేసినా తడబడటం లేదు. 2600లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) రెండు ముక్కలుగా ఉండేది. ఇందులో 32 ఎంబీ ఒకే ముద్దగా ఆరు కోర్లకూ అందుతుంది. చేతికి తెలిసే తేడా చాలావరకు అక్కడిదేనని నా నమ్మకం.

లోటు లేదా అంటే ఉంది. పెట్టెలో వచ్చే వ్రెయిత్ స్టెల్త్ కూలర్ చిన్నది. ఎక్స్‌పోర్ట్‌లో 80 డిగ్రీల దాకా పోతోంది. గరిష్ఠ పరిమితి 90 కాబట్టి ప్రమాదం లేదు గానీ, ఆ ఫ్యాన్ హోరులో మైకు పెట్టి పాఠం చెప్పలేను. మంచి కూలర్ విడిగా కొనుక్కోండి. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు, కార్డు తప్పనిసరి. కార్డులు, ఎస్ఎస్‌డీలు బోర్డుతో మాట్లాడే పీసీఐఈ దారిలో 4వ తరం వేగం కూడా బి450లో దక్కదు, 3వ తరం దగ్గరే ఆగుతుంది. నా ఎస్ఎస్‌డీకి అది చాలు.

బి450లో 1600 గానీ 2600 గానీ ఉన్నవాళ్ళు బోర్డు, ర్యామ్ మార్చకుండా ఇది ధైర్యంగా పెట్టుకోవచ్చు. 3600 ఉన్నవాళ్ళు వీడియో పనికోసమైతే ఆగండి, అంత తేడా కనిపించదు. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందని మారుద్దామనుకునేవాళ్ళు మాత్రం ముందు ఎవరిదైనా పవర్ సప్లై అడిగి తెచ్చి మూడు రోజులు నడిపి చూడండి.