హౌస్‌కీపింగ్ పదాల బుక్ పేరుతో 35 వేలు పోయాయి, గల్ఫ్ వెళ్లే తమ్ముళ్లూ జాగ్రత్త

"కడిగే పనికి మాటలెందుకు తమ్మీ, చేతులుంటే చాలు కదా."

ఇవాళ పొద్దున అమీర్‌పేటలో, మా బాపు ముందర, ఆ ఇన్‌స్టిట్యూట్ సార్ నాతో అన్న మాట ఇది. రాత్రి పదకొండయింది. ఇంకా ముద్ద దిగడం లేదు. కోపంలో రాస్తున్నాను, ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. గల్ఫ్ ఉద్యోగాల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు ఎవరి సంగతో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. రోజూ పొద్దున్నే "దోహా, ఫైవ్ స్టార్ హోటల్, రూమ్ అటెండెంట్, తిండి వసతి ఫ్రీ" అని పోస్టర్ పెడతారే, వాళ్లే. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటర్ అయిపోయి రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. ఫోన్ చేస్తే 30 రోజుల హౌస్‌కీపింగ్ ట్రైనింగ్, ఆ తర్వాత నేరుగా కంపెనీ ఇంటర్వ్యూ అన్నారు. ఫీజు 35,000. అందులో 20,000 ఫోన్‌పేలో కొట్టాను, 15,000 నగదు ఇచ్చాను. ఆ 15,000 మా అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టినవి.

ముప్ఫై రోజులన్నది తొమ్మిది రోజులు నడిచింది. ఒక గది, ఒక మంచం, మూలన చక్రాలు ఊడిపోయిన ట్రాలీ. బెడ్ మేకింగ్ రెండుసార్లు చేయించారు. మిగతా అన్ని రోజులూ ఒకటే మాట: "స్పెషల్ టర్మ్స్ బుక్ బట్టీ పట్టండి, ఇంటర్వ్యూలో ఇవే అడుగుతారు, సెలెక్షన్ గ్యారెంటీ." స్పైరల్ బైండింగ్ చేసిన నలభై పేజీల పుస్తకం అది. ఎడమ పక్క హోటల్ హౌస్‌కీపింగ్‌లో వాడే ఇంగ్లిష్ పదం, కుడి పక్క తెలుగు అర్థం. మొత్తం 212 పదాలు. బస్సులో, హాస్టల్ మెట్ల మీద, రాత్రి కరెంటు పోతే ఫోన్ లైట్ వేసుకుని చదివాను. ఏ పేజీలో ఏ పదం ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఈ మాట రాస్తుంటే కడుపులో తిప్పుతోంది.

మొన్న సోమాజిగూడలో ఇంటర్వ్యూ. దోహా హోటల్ నుంచి హౌస్‌కీపింగ్ హెడ్ మేడమ్ వచ్చారు. మొదటి ప్రశ్న సులువుగానే ఉంది: ఓడీ, వీడీ, వీసీ అంటే ఏమిటి? గెస్ట్ ఉన్న గది ఇంకా శుభ్రం చేయలేదు, ఖాళీ గది శుభ్రం చేయలేదు, ఖాళీ గది శుభ్రం చేశాం. చెప్పాను. మేడమ్ తలూపారు.

"స్లీపర్ అంటే?"

"పగలంతా గదిలో నిద్రపోయే గెస్ట్ మేడమ్, డిస్టర్బ్ చేయకూడదు."

"స్లీప్ అవుట్?"

"అద్దె కట్టకుండా రాత్రి వెళ్లిపోయిన గెస్ట్."

"స్కిప్పర్?"

"ఇవాళ క్లీనింగ్ వద్దన్న గెస్ట్."

"టర్న్ డౌన్ సర్వీస్?"

"గెస్ట్ గది నచ్చలేదని తిరస్కరించడం."

మేడమ్ పెన్ను కింద పెట్టేశారు. తిట్టలేదు. "ఈ నోట్స్ నీకు ఎవరిచ్చారు? పొద్దుటి నుంచి ఇవే జవాబులు చెప్పినవాళ్లలో నువ్వు నాలుగోవాడివి" అన్నారు. నా ముందు వెళ్లిన ముగ్గురూ మా బ్యాచ్ వాళ్లే. నాకు చెవులు గుయ్యిమన్నాయి.

బయట క్యూ ఉన్నా ఆమె నాకు ఐదు నిమిషాలు కేటాయించి అసలు అర్థాలు చెప్పారు. ఇంకెవరూ నాలా నోరు జారకూడదని అవి ఇక్కడ రాస్తున్నాను.

స్లీపర్ అంటే మనిషి కాదు, గది. గెస్ట్ బిల్లు కట్టి వెళ్లిపోయాడు, కానీ ఫ్రంట్ ఆఫీస్, అంటే రిసెప్షన్ వాళ్లు సిస్టంలో మార్చలేదు. గది ఖాళీగా ఉన్నా నిండినట్టే చూపిస్తుంది, ఆ రాత్రికి దాన్ని ఎవరికీ ఇవ్వలేరు. స్లీప్ అవుట్ అంటే గది గెస్ట్ పేరు మీదే ఉంది, బిల్లు నడుస్తోంది, కానీ రాత్రి ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు. చుట్టాలింట్లో ఉండిపోయి ఉండొచ్చు. స్కిప్పర్ అంటే బిల్లు ఎగ్గొట్టి చెప్పకుండా వెళ్లిపోయినవాడు. మనం గదులు చూసి రాసిచ్చిన రిపోర్టును ఫ్రంట్ ఆఫీస్ లెక్కతో పోల్చి చూస్తారు. తేడా వస్తే దాన్ని డిస్క్రిపెన్సీ అంటారు. "నువ్వు నేర్చుకున్న అర్థంతో పని చేస్తే, డబ్బు కడుతున్న గెస్ట్‌ని పారిపోయినవాడని రాసిస్తావు. అప్పుడు నీ ఉద్యోగం పోతుంది, హోటల్ పరువు పోతుంది" అన్నారు మేడమ్. నేను అప్పటిదాకా ఇవి బట్టీ పట్టే మాటలే అనుకున్నాను. ఒక్క మాట తప్పు రాస్తే ఒక మనిషి మీద దొంగ ముద్ర పడుతుందని నాకు తట్టనే లేదు.

టర్న్ డౌన్ అంటే సాయంత్రం చేసే సర్వీసు. కర్టెన్లు వేసి, దుప్పటి ఒక మూల మడిచి, నీళ్ల సీసా పెట్టి, గెస్ట్ పడుకోవడానికి గదిని సిద్ధం చేయడం. ఇంగ్లిష్‌లో ఆ మాటకు తిరస్కరించడం అన్న అర్థం కూడా ఉంది కాబట్టి, కంప్యూటర్‌లో పెట్టి తర్జుమా చేసి అచ్చు వేసేశారు. మేకప్ రూమ్ అన్న మాటకు "పెళ్లికూతురిని ముస్తాబు చేసే గది" అని ఉంది. తలుపుకు ఆ బోర్డు తగిలిస్తే, ముందు మా గది శుభ్రం చేయండి అని గెస్ట్ అడుగుతున్నట్టు. మీకు నవ్వు రావచ్చు. ఆ ముక్క చూపించినప్పుడు మేడమ్ ముందు నాకు ఏడుపు ఆగలేదు.

ఓఓఓ (అవుట్ ఆఫ్ ఆర్డర్), ఓఓఎస్ (అవుట్ ఆఫ్ సర్వీస్) రెండూ ఒకటేనని రాశారు. కాదు. మొదటిది పెద్ద మరమ్మతుకు పోయిన గది. దాన్ని అమ్మకం లెక్కలోంచే తీసేస్తారు. రెండోది బల్బో ట్యాపో లాంటి చిన్న లోపమున్న గది, లెక్కలో ఉంటుంది, సరిచేసి ఇచ్చేయొచ్చు.

అన్నిటికన్నా భయం వేసింది డీఎన్‌డీ దగ్గర, అంటే గెస్ట్ తలుపుకు తగిలించే "డు నాట్ డిస్టర్బ్" బోర్డు. "బోర్డు తీసేవరకు ఎన్ని రోజులైనా ఆ గది జోలికి పోరాదు" అని పుస్తకంలో ఉంది. నేనూ అదే చెప్పాను. తలుపు కొట్టకూడదు, నిజమే. కానీ బోర్డు చూసిన టైమును మన షీట్‌లో రాసుకోవాలి, మిగతా గదులు చేసుకుని మళ్లీ రావాలి, హోటల్ పెట్టిన గడువు దాటితే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. వాళ్లు గదికి ఫోన్ చేస్తారు, పలకకపోతే డ్యూటీ మేనేజర్, సెక్యూరిటీ కలిసి తెరుస్తారు. లోపల మనిషి గుండెనొప్పితో పడిపోయి ఉండొచ్చు కదా. 2017 అక్టోబరులో లాస్ వేగాస్‌లో ఒకడు హోటల్ గది కిటికీలోంచి జనం మీద కాల్పులు జరిపాక, కొన్ని పెద్ద హోటళ్లు ఈ బోర్డు నియమాలనే మార్చాయని మేడమ్ చెప్పారు.

సెలెక్ట్ కాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికి వెళ్లి పుస్తకం బాపు చేతిలో పెట్టాను. మా బాపు 11 ఏళ్లు మస్కట్‌లో ఒక హోటల్ లాండ్రీలో పనిచేసి వచ్చాడు. ఇంగ్లిష్ చదవలేడు. కానీ ఆ మాటలన్నీ చెవిన పడి నోటికొచ్చినవే. నేను ఒక్కో పదం చదువుతుంటే మంచం మీద కూర్చుని విన్నాడు. "పార్ స్టాక్ అంటే పాత సామాను" అని చదవగానే లేచి పెట్టె తెరిచాడు. మూడు దుప్పట్లు తీశాడు. ఒకటి మంచం మీద పరిచాడు, ఒకటి బకెట్‌లో పెట్టాడు, ఒకటి మడిచి గూట్లో పెట్టాడు.

"ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకుల, ఒకటి అల్మారల. గీ మూడు కలిస్తే మూడు పార్ బిడ్డా. వంద మంచాలుంటయి, మంచానికి రెండు షీట్లు. మూడు పార్ అంటే ఆరు వందల షీట్లు. ఒక్కటి తక్కువైనా చెక్ అవుట్ రూములు ఆగిపోతయి, మమ్మల్ని లాండ్రీల ఉరికిస్తుండె."

దుప్పటి మడతలో ఒక్క ముడత లేదు. బాపు చేతులు అట్లా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో మడతపెట్టిన దుప్పటికి కూడా అంచులు లోపలికి తోసి, పైన అరచేతితో ఒకసారి రాశాడు. 35 వేలు కట్టే ముందు ఈ మనిషిని ఒక్క మాట అడగలేదు నేను. లాండ్రీలో చేసినాయనకు హౌస్‌కీపింగ్ ఏం తెలుసులే అనుకున్నాను. ఈ తప్పు పూర్తిగా నాది, దీన్ని ఎవరి మీదకీ నెట్టను.

ఇంకో పేజీలో టాస్కీ అనే కంపెనీ క్లీనింగ్ మందుల నంబర్లు ఉన్నాయి. ఆర్ 6 అద్దాలకు అని రాశారు. బాపు వెంటనే ఆపాడు. అద్దాలకు వాడేది ఆర్ 3. ఆర్ 6 టాయిలెట్ కమోడ్‌కు వాడే ఘాటైన యాసిడ్ మందు. కొత్తగా వెళ్లిన పిల్లవాడు ఈ పుస్తకం నమ్మి అది చేతిలోకి తీసుకుని అద్దం తుడిస్తే ఏం కావాలి?

ఇవాళ పొద్దున బాపు నాతో పాటు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. లోపల ఏసీ గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. నేను పుస్తకం తెరిచి తప్పులు చూపించాను, ఫీజు వాపసు ఇవ్వండి అని మర్యాదగానే అడిగాను. రసీదు చూడమన్నాడు ఆ సార్. చూస్తే అందులో ట్రైనింగ్ అన్న మాటే లేదు, "స్టడీ మెటీరియల్, వాపసు లేదు" అని ఉంది. అదీ 20,000కే. నగదుగా ఇచ్చిన 15,000 ఎక్కడా లేవు. ఇచ్చిన రోజు రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను తప్ప చదవలేదు.

బాపు అప్పుడు ముందుకొచ్చి, పేజీ మీద వేలు పెట్టి, "సార్, స్లీపర్ అంటే గిది కాదు. పిల్లలు ఆగమైతరు, గీ బుక్కన్నా మార్చుండ్రి" అన్నాడు. డబ్బు అడగలేదు ఆయన. పుస్తకం మార్చమన్నాడు. దానికి ఆ సార్ నవ్వి నావైపు తిరిగి అన్న మాటే నేను పైన రాసింది. అంతటితో ఆగలేదు. "మీ నాయన గన్ని ఏండ్లు బట్టలు పిండిండు కదా, ఆయనకు ఎవరు నేర్పిండ్రు ఇంగ్లిష్?" అన్నాడు.

బాపు ఏమీ అనలేదు. పేజీ మీద పెట్టిన వేలు తీసి, చెయ్యి వెనక్కి కట్టుకున్నాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. మేము ఎదురుగా నిలబడి ఉండగానే ఎత్తి, "అవునన్నా, స్పెషల్ టర్మ్స్ బుక్ ఇస్తం, ఇంటర్వ్యూల అవే అడుగుతరు, సెలెక్షన్ గ్యారెంటీ" అన్నాడు. అదే గొంతు, నాకు చెప్పిన అవే మాటలు. కడిగే పనికి మాటలెందుకు అని మాతో అని ఒక్క నిమిషం కాలేదు, అవే మాటలను ఇంకొకరికి 35 వేలకు అమ్ముతున్నాడు. నాకు అక్కడే కళ్లు తిరిగాయి. బాపు నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. బస్సులో జగిత్యాల దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, రసీదు, పుస్తకం ఫోటోలు దగ్గర పెట్టుకున్నాను. పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్తాం.

నాకు తర్వాత తెలిసినవి నాలుగు ముక్కలు చెప్తాను. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్లకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. వీళ్ల పేరు అందులో లేదు, నేను ఇవాళే చూశాను. రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా సర్వీసు చార్జీ కింద 30,000, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి. నగదు ఇవ్వకండి, రసీదు మీద ఏం రాశారో అక్కడే చదవండి. ఇక పదాల పుస్తకం ఎవరిచ్చినా, మీ ఊళ్లో గల్ఫ్ హోటల్లో పనిచేసి వచ్చిన ఒక్క మనిషికి చదివి వినిపించండి. అమ్మకు 15,000 ఎప్పుడు తిరిగి ఇస్తానో నాకు తెలియదు, అది వేరే సంగతి.

కోరుట్ల నుంచి ఇద్దరు తమ్ముళ్లు సోమవారం బ్యాచ్‌కి డబ్బు కడుతున్నారని మా బ్యాచ్ గ్రూపులో చూశాను. మీరు ఇది చదువుతుంటే, కట్టకముందే నాకు మెసేజ్ పెట్టండి. పుస్తకం నలభై పేజీలూ ఫోటోలు తీసి పంపిస్తాను. బాపు చెబుతుంటే నేను ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాను, ఇప్పటికి ఇరవై ఆరో పేజీ దాకా వచ్చాం.