ఫిల్ములో బీరువా తాళంచెవి, రిపోర్టులో "ఏమీ లేదు": ఆ ఎక్స్‌రే సెంటరుతో జాగ్రత్త

బస్టాండు ఎదురుగా, కింద మందుల దుకాణం, పైన రంగురంగుల బోర్డు. ఏ సెంటరో మన ఊరివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఎక్కడైనా పేరు రాస్తే లాయరు నోటీసు పంపుతామని ముందే బెదిరించారు కాబట్టి రాయడం లేదు.

అమ్మకు నడుము కుడిపక్క నుంచి పొత్తికడుపు దాకా నొప్పి. మూత్రనాళంలో రాయి కావచ్చని డాక్టర్ గారు కేయూబీ ఎక్స్‌రే (మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం ఉండే భాగానికి తీసేది) రాశారు. దగ్గర కదా అని అక్కడికే వెళ్లి 450 రూపాయలు కట్టాం.

లోపల బట్టలు మార్చుకోమనలేదు, గౌను ఇవ్వలేదు, ఒంటి మీద లోహపు వస్తువులేమైనా ఉన్నాయా అని అడగలేదు. "పడుకో. ఊపిరి బిగబట్టు. అయిపోయింది, లే." అరవై దాటిన మనిషితో ఈ మర్యాద కూడా ఆ 450లోనే కలిపి ఇస్తారు కాబోలు. చీర కట్టే పెద్దవాళ్లు రొంటిన ఏమి దోపుకుంటారో ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడిని అడిగినా చెబుతాడు.

డాక్టర్ గారు ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తి పట్టి చూసి, "అమ్మా, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టుకుంటారు మీరు?" అన్నారు. అమ్మ చెయ్యి తిన్నగా రొంటికి వెళ్లింది. ఫిల్ములో కుడివైపు, కటి ఎముకకు కాస్త పైన, పళ్లతో సహా తాళంచెవి తెల్లగా మెరుస్తోంది. పక్కనే పిన్నీసు. రాయి కోసం వెతకవలసిన చోటును రెండూ కలిసి కప్పేశాయి.

ఇక రిపోర్టు చిత్తగించండి. ఇంగ్లీషులో ఉన్నదానికి అర్థం ఇది: "మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం ఉండే ప్రాంతంలో అసాధారణమైన నీడలేవీ లేవు." కింద సంతకం, దాని మీద ముద్ర. వేలెడు తాళంచెవి కనిపించనివారికి మినపగింజంత రాయి కనిపిస్తుందా? అసలు ఆ ఫిల్మును ఎవరైనా చూశారా, లేక నిన్నటి రిపోర్టులో పేరు మార్చి అచ్చు వేశారా?

ఇదే అడగడానికి వెళితే కౌంటరులోని కుర్రవాడు ఫోనులోంచి తల ఎత్తలేదు. "తాళంచెవి తీసెయ్యాలని మీకు తెలియదా? మళ్లీ తీస్తాం, 450 కట్టండి." మరి రిపోర్టు? "అది వేరే ఊళ్లో డాక్టర్ గారు ఆన్‌లైన్‌లో రాస్తారు, మాకు సంబంధం లేదు." అమ్మ పొట్ట పట్టుకుని నిలబడి ఉంది, కూర్చోమన్న నాథుడు లేడు. గొంతు పెంచితే మేనేజరు వచ్చి లాయరు సంగతి ఎత్తాడు. నోరు మూసుకుని బయటికి వచ్చిన నన్ను అనాలి.

డబ్బు సంగతి అటుంచండి. మళ్లీ తీయడమంటే మళ్లీ రేడియేషన్. కడుపు ఎక్స్‌రే ఒకటికి సుమారు 0.7 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రే కన్నా ఎన్నో రెట్లు. అవసరమై ఒకటి తీస్తే భయపడవలసింది లేదు, కానీ వాళ్ల బద్ధకానికి రెండోది మనమెందుకు భరించాలి? ఇంకో ఘనకార్యం: గర్భిణులు ముందుగా చెప్పాలన్న బోర్డు గోడ మీద ఉంది, దానిని సగం మూస్తూ "సంపూర్ణ ఆరోగ్య ప్యాకేజీ" క్యాలెండరు వేలాడుతోంది. మా వెనక వరుసలో ఉన్న కొత్త పెళ్లికూతురిని కూడా ఆ మాట ఎవరూ అడగలేదు.

డాక్టర్ గారు రెండో ఎక్స్‌రే వద్దని వేరే చోట అల్ట్రాసౌండు తీయించారు. రాయి ఉంది, కిడ్నీ కొద్దిగా ఉబ్బింది కూడా. "ఏమీ లేదు" కదా మరి!

వెళ్లక తప్పనివాళ్లకు: మొలతాడు, తాయెత్తు, వడ్డాణం, పిన్నీసులు, రొంటిలోవి, జేబులోవి ముందే తీసెయ్యండి, గౌను అడిగి తీసుకోండి. గర్భం ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. రిపోర్టు ఒక్కటే నమ్మకండి, ఫిల్ము కూడా తీసుకుని, ఎక్స్‌రే తీయించుకోమని రాసిన మీ డాక్టరుకే చూపించండి. ఎక్స్‌రే బాగుందంటే రాయి లేదని కాదట, యూరిక్ ఆమ్లపు రాళ్లు మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. ఆ యంత్రానికి ఏఈఆర్‌బీ (కేంద్ర అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉండాలి, కాగితం చూపమని అడగండి. నేను రేపు అడగబోతున్నాను.