కోల్డ్‌ప్లే కోసం అహ్మదాబాద్: టికెట్, గది, మెట్రో, ఆ రెండు గంటలు

పెద్ద కచేరీ అనగానే అందరం టికెట్ గురించే టెన్షన్ పడతాం. 2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ బ్యాండ్ కోల్డ్‌ప్లేని చూసొచ్చాక నేను చెప్పేది ఒకటే. టికెట్ సంగతి ఒక పూటలో అటో ఇటో తేలిపోతుంది. ఎక్కడ దిగాలి, ఏ పేటలో గది తీసుకోవాలి, లక్ష మందితో కలిసి బయటపడి గదికి ఎలా చేరాలి అన్నవి ముందే ఆలోచించుకుంటేనే ఆ రాత్రి మనసారా పాడగలం. ఈ బ్యాండ్ అంటే నాకు ఇంజనీరింగ్ హాస్టల్ రోజుల నుంచీ ప్రాణం. అందుకే చూసినవీ, తోటి అభిమానుల దగ్గర విన్నవీ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి కచేరీకి మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు పనికొస్తాయి.

ముందు టికెట్ల గురించి. ఇదే టూర్‌లో ముందు జరిగిన నవీ ముంబై కచేరీల టికెట్లు 2024 సెప్టెంబర్ 22 మధ్యాహ్నం అమ్మకానికి పెట్టారు. మొదట జనవరి 18, 19 మాత్రమే అనుకున్నారు, జనం తాకిడి చూసి 21 కూడా కలిపారు. నా ముందు లైన్‌లో లక్షల మంది ఉన్నట్టు స్క్రీన్ మీద కనిపించింది. అన్నం కూడా తినకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నా దొరకలేదు. ఆ తర్వాత బయట బ్లాకులో చెప్పిన రేట్లు వింటే కళ్లు తిరిగాయి. అధికారిక ధర 2500 రూపాయల నుంచి మొదలైతే, పక్కదారిలో అదే టికెట్‌కు ఎన్నో రెట్లు అడిగారు. నేను కొనలేదు, ఎవర్నీ కొనమని చెప్పను కూడా. నవంబర్ 16న అహ్మదాబాద్ టికెట్లు వదిలినప్పుడు మాకు రెండు దొరికాయి. అక్కడి స్టేడియం నవీ ముంబైదానికి రెండింతలకు మించి పెద్దది కాబట్టి అవకాశం కూడా ఎక్కువే.

చాలామందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. ఈ బ్యాండ్ తమ టూర్‌లో కొన్ని టికెట్లను బాగా తక్కువ ధరకు విడిగా అమ్ముతుంది. ఇన్ఫినిటీ టికెట్లంటారు. మన దగ్గర ఒక్కోటి 2000 రూపాయలు, జంటగానే కొనాలి, సీటు ఎక్కడో కచేరీ రోజు టికెట్ చేతికొచ్చేదాకా తెలియదు. వేదిక దగ్గరే రావచ్చు, పై అంతస్తులోనూ రావచ్చు. నవంబర్ 22న అమ్మారు. చదువుకుంటున్న పిల్లలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. పెద్ద బ్యాండ్లన్నీ ఇలా చేస్తే ఎంత బాగుంటుందో.

ప్రయాణానికి వస్తే, హైదరాబాద్ నుంచి విమానంలో రెండు గంటల లోపే. కానీ ఆ వారాంతం ఛార్జీలు చూసి మేం రైలుకే మొగ్గాం. కోస్తా వాళ్లకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నై నుంచి బయల్దేరి విజయవాడ, వరంగల్ మీదుగా అహ్మదాబాద్ వెళ్తుంది. విజయవాడ నుంచి దాదాపు ఒక పూర్తి రోజు పడుతుంది. అంతసేపు రైల్లో కూర్చోవాలా అనుకునేవాళ్లకు నా మాట: కూర్చోండి. మా బోగీలోనే కోల్డ్‌ప్లే టీషర్టులు వేసుకున్నవాళ్లు కనిపించారు. వరంగల్‌లో ఎక్కిన కుర్రాడు గిటార్ తెచ్చాడు. బల్లార్షా దాటేసరికి పక్క సీట్ల వాళ్లు కూడా వచ్చి చేరారు. విశాఖ నుంచి వచ్చిన ఒక అక్క 2016 నవంబర్ 19న ముంబైలో ఈ బ్యాండ్‌ని చూసిందట. ఎంఎంఆర్‌డీఏ మైదానంలో జరిగిన గ్లోబల్ సిటిజన్ ఫెస్టివల్ అది. నోట్ల రద్దు ప్రకటించి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. చేతిలో చెల్లే నోటు లేక, ఆటోవాళ్లు పాత నోట్లు తీసుకోక, స్టేషన్ నుంచి ఎలా నడిచిందో చెప్తుంటే ఎవరమూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. "అప్పుడు దూరం నుంచి చుక్కల్లా కనిపించారమ్మా, ఈసారి ముఖాలు చూడాలి" అంది.

ఇక గది. మా అనుభవంలో చేదు ఇక్కడే. టికెట్లు దొరికిన రోజే స్టేడియానికి దగ్గర్లో ఒక హోటల్ బుక్ చేశాం. కొన్ని వారాలకు వాళ్లే ఫోన్ చేసి, గది ఇవ్వలేమనీ, కావాలంటే కొత్త రేటు కట్టమనీ చెప్పారు. మామూలు రోజుల్లో రెండు మూడు వేలకు వచ్చే గదికి అడిగిన మొత్తం వింటే, దాంతో తిరిగి ఇంటికి విమానంలో వెళ్లిపోవచ్చు అనిపించింది. మేం ఒప్పుకోలేదు. వెతికి వెతికి నదికి పడమర వైపు పాల్దీలో ఒక చిన్న లాడ్జి పట్టాం. గోడలకు పెయింట్ అక్కడక్కడ ఊడింది, లిఫ్ట్ లేదు. కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, కింద కౌంటర్‌లో ఉన్న పెద్దాయన మెట్రోకి ఏ సందు దగ్గరో కాగితం మీద గీసి ఇచ్చారు. చివరికి అదే మాకు మేలు చేసింది. పాల్దీ మెట్రో స్టేషన్ నుంచి మోటేరా స్టేడియం స్టేషన్‌కు ఒకే లైన్, మధ్యలో మారే పని లేదు. ఉస్మాన్‌పురా, వాడజ్, రాణిప్ కూడా అదే లైన్‌లో ఉన్నాయి. రైలు దిగేది కాలుపూర్ స్టేషన్‌లో అయితే తూర్పు పడమర లైన్ ఎక్కి ఓల్డ్ హైకోర్ట్ దగ్గర మారాలి. స్టేడియం పక్కనే ఉండాలన్న ఆశ వదులుకుని మెట్రో పక్కన ఉండండి. రాత్రి కచేరీ అయ్యాక మోటేరా రోడ్ల మీద ఆటోకు, క్యాబ్‌కు కదిలే చోటే లేదు. దగ్గరి హోటళ్లలో దిగినవాళ్లు కూడా నడిచే వెళ్లారు.

అహ్మదాబాద్‌లో గదే దొరకనివాళ్లు వడోదరలో దిగారు. 110 కిలోమీటర్ల దూరమే, రైళ్లు బోలెడు. కాకపోతే తిరిగి వెళ్లే రైలు అర్ధరాత్రి తర్వాతది చూసుకోవాలి. మాతో వచ్చిన వరంగల్ కుర్రాడు అలాగే చేశాడు, స్టేషన్‌లో చలికి వణికిపోయాడు. జనవరి చివర్లో అక్కడి రాత్రులు మన హైదరాబాద్ కన్నా చల్లన. పగటి ఎండ చూసి మోసపోయి పలచటి చొక్కాలతో వచ్చినవాళ్లు చాలామందే కనిపించారు.

మెట్రోకి మాత్రం పూర్తి మార్కులు. కచేరీలు జరిగిన ఆ రెండు రోజులూ రాత్రి వేళలు పొడిగించారు. తిరుగు ప్రయాణానికి కాగితం టికెట్ ముందే కొని జేబులో పెట్టుకున్నవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడాల్సిన పని లేకుండా నేరుగా లోపలికి వెళ్లారు. స్టేషన్ బయట పోలీసులు తాళ్లు కట్టి, జనాన్ని గుంపులు గుంపులుగా వదిలారు. ప్లాట్‌ఫామ్ చేరడానికి చాలాసేపే పట్టింది. అయినా తోపులాట లేదు, ఎవరో పాట అందుకుంటే లైనంతా అందుకుంది.

మోటేరాలో కచేరీ జరిగిన నరేంద్ర మోదీ స్టేడియంలో 1,32,000 మంది పడతారు. ఆ సంఖ్య చదవడం వేరు, మెట్లెక్కి లోపలికి తొంగిచూడటం వేరు. గేట్ల దగ్గర తనిఖీ వేగంగానే సాగింది. తాగునీళ్ల దగ్గర ఏర్పాటు మాత్రం చాలలేదు. మా స్టాండ్‌లో నీళ్ల కోసం వెళ్లినవాళ్లు ఒక పాటన్నా పోగొట్టుకున్నారు. తిండి కూడా అంతంతమాత్రం, ధర ఎక్కువ, రుచి తక్కువ. మధ్యాహ్నమే కడుపు నిండా తిని వెళ్లండి. మేం పాల్దీలో ఒక భోజనశాలలో గుజరాతీ థాలీ తిన్నాం. తియ్యటి పప్పు మొదట్లో మన నాలుకకు ఎక్కదు, మూడో ముద్దకి అలవాటవుతుంది. మర్నాడు మాణెక్ చౌక్‌లో రాత్రి తిండి తిన్నాం. పగలు నగల వ్యాపారం జరిగే చోట చీకటి పడ్డాక పెనాలు వెలుగుతాయి. అది మాత్రం వదలకండి.

లోపలికి వెళ్లేటప్పుడు అందరి చేతికీ ఒక పట్టీ ఇస్తారు. తెల్లగా, వాచీ బెల్టులా చిల్లులతో ఉంటుంది. మధ్యలో చిన్న డబ్బా, అందులో లైట్లు. మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేయించారు, చివర్లో తిరిగి ఇచ్చేయాలి. మా పక్క సీట్లో ఒక గుజరాతీ బామ్మగారు మనవడితో వచ్చారు. ఊలు శాలువా కప్పుకుని, పట్టీ వదులవుతోందని మనవడి చేత చివరి చిల్లుకు బిగింపించుకున్నారు. "ఎల్లో" మొదలవగానే స్టేడియంలో ఉన్న ప్రతి చెయ్యీ పసుపు పచ్చగా వెలిగింది. ఆవిడ చెయ్యి తిప్పి మణికట్టు చూసుకుని, తర్వాత తలెత్తి ఎదుటి స్టాండ్ చూసి, నోరు తెరిచి అలా ఉండిపోయారు. 2000లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లోది ఆ పాట. నా గొంతు పూడుకుపోయి మొదటి చరణం పాడలేకపోయాను.

బ్యాండ్ గాయకుడు క్రిస్ మార్టిన్ గుజరాతీలో పలకరించాడు. "ఎ స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్" మధ్యలో ఆపేసి, ఈ ఒక్క పాటకి ఫోన్లన్నీ జేబుల్లో పెట్టండి అని అడిగాడు. ఇది వాళ్లు ప్రతి ఊళ్లో చేసేదే, నాకు ముందే తెలుసు. అయినా ఒక్కసారిగా వేల స్క్రీన్లు ఆరిపోయి, మనుషుల ముఖాలు కనిపించేసరికి ఒళ్లు జలదరించింది. గణతంత్ర దినోత్సవం కావడంతో వందేమాతరం కూడా అందుకున్నాడు. సొంత ఊరి బౌలర్ బుమ్రా ప్రేక్షకుల్లో కూర్చుని ఉన్నాడు. ఇంగ్లండ్ వాళ్ల వికెట్లు పడగొట్టిన వీడియో వేసి, అతని మీద మార్టిన్ పాట కట్టి పాడాడు. ఇంగ్లండ్ బ్యాండ్ కదా, స్టేడియం నవ్వులతో ఊగిపోయింది. ఆ రాత్రి కచేరీ హాట్‌స్టార్‌లో లైవ్ వచ్చింది. విజయవాడలో మా అక్క టీవీ ముందు కూర్చుని, పిల్లల్ని నిద్రపోనివ్వకుండా చూసిందట.

సీటు ఎక్కడ తీసుకోవాలన్నది అందరూ అడిగే ప్రశ్న. మావి వేదికకు పక్కగా, కింది స్టాండ్‌లో. పట్టీల వెలుగులన్నీ కళ్ల ముందే ఉన్నాయి, కాళ్లు నొప్పి పుట్టలేదు. విశాఖ అక్క నిలబడే టికెట్ తీసుకుని మధ్యాహ్నం నుంచే లైన్‌లో ఉంది. వేదిక నుంచి జనం మధ్యకు పొడవాటి దారి ఉంటుంది, నలుగురూ నడిచొచ్చి చివర్లో చిన్న వేదిక మీద పాడతారు. ఆ పక్కన నిలబడి ఈసారి ముఖాలు కళ్లారా చూసింది. పై అంతస్తులో కూర్చున్నవాళ్లు మాత్రం శబ్దం రెండుసార్లు వినిపించిందని బాధపడ్డారు. ధ్వని సెకనుకు 340 మీటర్లే వెళ్తుంది. అంత పెద్ద గిన్నెలో ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చేసరికి పాట అక్షరం ముందుకు జరిగిపోతుంది. పాట స్పష్టంగా వినడమే ముఖ్యం అనుకుంటే, డబ్బు కాస్త ఎక్కువైనా పై అంతస్తు వద్దు.

మా బాబాయి కూతురు 19న నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో చూసింది. అది చిన్నది, శబ్దం దగ్గరగా, నిండుగా ఉందంది. అక్కడికి మనవాళ్లు వెళ్లడం కూడా తేలికే. హైదరాబాద్ నుంచి ముంబై రైలెక్కి ఠాణేలో దిగితే, ట్రాన్స్‌హార్బర్ లోకల్‌లో నేరుగా నెరూల్ వెళ్లిపోవచ్చు, ముంబై నగరంలోకి వెళ్లక్కర్లేదు. వాశి, బేలాపూర్ వైపు గదులు దొరుకుతాయి. అబూదాబిలో ఉండే మా బావ జనవరిలోనే జాయెద్ స్పోర్ట్స్ సిటీలో చూశాడు. అక్కడ నాలుగు రాత్రులు పాడారు. కార్లు దూరంగా పెట్టి షటిల్ బస్సుల్లో వెళ్లారట. ఏర్పాట్లకు అతను అబూదాబికే ఓటేశాడు. పాటకి మాత్రం, మా వీడియోలు చూశాక, అహ్మదాబాద్ జనం గొంతే గొంతు అన్నాడు. మూడింట్లో మళ్లీ ఒకటి ఎంచుకోమంటే, వినడానికి నవీ ముంబై, లక్ష మందితో కలిసి పాడటానికి అహ్మదాబాద్ అంటాను. నాకు రెండోదే కావాలి.

పెద్దవాళ్లనో పిల్లల్నో తీసుకెళ్లేవాళ్లు కింది స్టాండే తీసుకోండి. మెట్రో దిగాక గేటు దాకా, గేటు నుంచి సీటు దాకా నడక చాలానే ఉంది, మధ్యలో కూర్చోవడానికి చోటు ఉండదు. పిల్లలకు చెవుల మీద పెట్టే మఫ్స్ ఇంటి నుంచే తీసుకెళ్లాలి, అక్కడ ఎక్కడా అమ్మకానికి కనిపించలేదు. చివరి పాట అవగానే లేవకుండా ఓ అరగంట సీట్లోనే ఉంటే మెట్లు ఖాళీ అవుతాయి. బామ్మగారు, మనవడు, మేమూ అలాగే కూర్చున్నాం. ఆ కుర్రాడు నాకు ఫాఫ్డా ఏ కొట్టులో బాగుంటుందో చెప్పాడు, నేను వాడికి పెసరట్టు గురించి చెప్పాను.