ట్రెయిల్ కెమెరాకి ఏ సెల్లు మేలు?

ఎదుట జంతువు కదలగానే దానంతటదే ఫొటో తీసేది ట్రెయిల్ కెమెరా. చెట్టుకి కట్టి వచ్చిన ఆ కెమెరాని నెల తర్వాత తెరిస్తే చివరి ఫొటో పదో రోజుది. మిగతా ఇరవై రోజులు ఆ దారిన ఏ జంతువు నడిచిందో ఇక ఎప్పటికీ తెలియదు. నాకు ఇంతకన్నా బాధ కలిగించేది లేదు. అందుకే సెల్లు కొనేముందు కాస్త ఆలోచించమంటాను.

ఆల్కలైన్ చవక, ఎక్కడైనా దొరుకుతాయి. పగటి ఫొటోలకి చాలు. చిక్కంతా రాత్రి. కంటికి దాదాపు కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. వాడేకొద్దీ ఆల్కలైన్ సెల్లు లోపలి నిరోధం పెరుగుతుంది కాబట్టి ఆ క్షణంలో వోల్టేజి జారిపోతుంది. సెల్లులో ఇంకా సత్తువ మిగిలుండగానే కెమెరా ఆగిపోతుంది. చలిలో మరీ అన్యాయం. పైగా ఎక్కువకాలం వదిలేస్తే కారి, లోపలి స్ప్రింగుల్ని తినేస్తాయి.

వాడి పారేసే 1.5 వోల్టుల లిథియం సెల్లు ఖరీదే. కానీ వోల్టేజి దాదాపు చివరిదాకా నిలకడగా ఉంటుంది, మైనస్ 40 డిగ్రీల చలిలోనూ పనిచేస్తాయి, బరువు కూడా తక్కువ. ఆ నిలకడ వల్లే బ్యాటరీ గుర్తు నిండుగా కనిపిస్తూనే కెమెరా హఠాత్తుగా ఆగిపోతుంది. గుర్తుని నమ్మకండి, సెల్లు వేసిన తేదీ రాసుకోండి.

రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులే. ఎనిమిది వరసగా వేస్తే 12 వోల్టులకి బదులు 9.6 వస్తాయి. కొన్ని కెమెరాలు దీన్ని చూసి సెల్లు అయిపోవచ్చాయనుకుంటాయి, కాబట్టి మెనూలో సెల్లు రకం మార్చే వీలుంటే మార్చండి. ఫ్లాష్ భారాన్ని మాత్రం ఇవి ఆల్కలైన్ కన్నా చక్కగా మోస్తాయి, వందలసార్లు ఛార్జ్ చేయొచ్చు. ఊరికే ఉంటే ఛార్జి తగ్గిపోని రకమే తీసుకోండి. అదే సైజులో ఉండే 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్లు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, కెమెరా పాడైపోవచ్చు.

రెండు మూడు వారాలకోసారి వెళ్లిరాగలిగితే నా ఓటు రీఛార్జబుల్‌కే. నెలల తరబడి వెళ్లలేని చోటుకి లిథియమే. సోలార్ ప్యానెల్ ఎండ తగిలే చోట బాగుంటుంది. దట్టమైన నీడలో పెద్దగా లాభం లేదు, బయటికి వేలాడే వైరుని ఉడతలో ఎలుకలో కొరికేయొచ్చు.

ఏ సెల్లు వేసినా, దాన్ని ఖాళీ చేసేది మనం పెట్టిన తీరే. సెన్సర్ చూసేది వేడిలో తేడాని. ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగినా జంతువనుకుని క్లిక్‌మంటుంది. వీడియో పెడితే, అందులోనూ రాత్రిపూట, ఫ్లాష్ అంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. సిమ్ ఉన్న కెమెరా సిగ్నల్ అందని చోట ఫొటో పంపడానికి పదే పదే ప్రయత్నించి సెల్లు తినేస్తుంది. అందుకే ఈసారి మెమరీ కార్డు తెచ్చాక ఖాళీ ఫొటోలు ఎన్నో లెక్కపెట్టండి. సగానికి మించితే సెల్లు రకం మార్చేముందు కెమెరా ఎదుట గడ్డి కోసి, అడ్డొచ్చే కొమ్మలు కొట్టేసి, సెన్సర్ తీవ్రత ఒక మెట్టు తగ్గించండి.