బీచ్‌లో అమ్మే గాలి ట్యూబులు: పిల్లలకు కొనొచ్చా?

సెలవుల్లో ఏ బీచ్‌కి వెళ్లినా ఇసుకలో కాలు పెట్టకముందే కనపడేవి రంగురంగుల గాలి ట్యూబులు. పిల్లలు చెయ్యి పట్టి లాగుతారు, రేటు రెండు మూడు వందల్లోనే ఉంటుంది, కొనేస్తాం. గుండ్రటి రింగు, కాళ్లు దూర్చి కూర్చునే సీటు రింగు, చేతులకు తొడిగే బ్యాండ్లు, ఫ్లెమింగో, మొసలి లాంటి ఎక్కి కూర్చునే బొమ్మలు, చిన్న గాలి పడవ... ఈ ఐదు రకాలనూ ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తాం: చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో పెద్దవాళ్లుంటే స్విమ్మింగ్ పూల్‌లో వీటిలో చాలావరకు పరవాలేదు. సముద్రంలో మాత్రం ఒక్కటీ పనికిరాదు.

తేలడానికి వీటికి వచ్చిన లోటేమీ లేదు. బయటి కొలత 45 సెంటీమీటర్లు, గొట్టం మందం 11 సెంటీమీటర్లు ఉన్న మామూలు పిల్లల రింగులో సుమారు 10 లీటర్ల గాలి పడుతుంది. లీటరు గాలికి కిలో చొప్పున, అది పది కిలోల బరువును నీటిపైన మోస్తుంది. నీళ్లలో మనిషి శరీరం దాదాపు తనంతట తానే తేలుతుంది కాబట్టి 15 కిలోల పిల్లవాడి తల నీటి పైన ఉండడానికి రెండు మూడు కిలోల ఊతం చాలు. అందుకే పూల్‌లో వేసి చూసిన తండ్రికి ‘బాగా తేలుతున్నాడు’ అనిపిస్తుంది. అది నిజమే. పిల్లవాడు బోర్లా పడతాడా, రింగులోంచి జారిపోతాడా, గాలికి సముద్రం లోపలికి కొట్టుకుపోతాడా అన్నవి వేరే ప్రశ్నలు. పూల్‌లో ఆ మూడూ తెలియవు.

గుండ్రటి రింగుతో మొదలుపెడదాం. పిల్లవాడు చంకల కింద రింగు పెట్టుకుని వేలాడితే ఒంటి బరువంతా కిందే ఉంటుంది కనుక తొందరగా బోర్లా పడడు. చిక్కల్లా చేతులు పైకెత్తినప్పుడే. అల మొహాన కొట్టగానే పిల్లలు చేసే మొదటి పని చేతులు పైకెత్తడం. చేతులు లేచాయంటే భుజాలు ఇరుకవుతాయి, తడిసిన పీవీసీ జారుతుంది, పిల్లవాడు మధ్యలోంచి కిందికి దిగిపోతాడు, రింగు ఒక్కటే పైన తేలుతూ ఉంటుంది. ఒడ్డున ఉన్నవాళ్లు రింగును చూసి పిల్లవాడు అందులోనే ఉన్నాడనుకుంటారు. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొంటే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అన్నిటికన్నా చెడ్డది సీటు రింగు. చూడ్డానికి అదే భద్రంగా ఉంటుంది, కాళ్లకు రెండు కన్నాలు, వీపుకు ఆసరా, కొన్నిటికి పైన ఎండ తగలకుండా గొడుగు కూడా. కానీ అందులో కూర్చున్న పిల్లవాడి నడుము నీటి మట్టానికి వస్తుంది. అంటే తల, ఛాతీ అన్నీ నీటిపైనే. చిన్నపిల్లల్లో తల బరువు పెద్దవాళ్లకన్నా ఎక్కువ పాళ్లలో ఉంటుంది కాబట్టి బరువంతా పైకి చేరుతుంది. పక్కనుంచి ఒక అల తగిలితే చాలు, రింగు తిరగబడుతుంది. తిరగబడ్డాక మామూలు రింగులోనైతే పిల్లవాడు బయటికి జారతాడు. ఇందులో తొడలు కన్నాల్లో ఇరుక్కుపోతాయి, తల నీళ్లలో, పాదాలు గాల్లో. తనంతట తాను బయటపడే దారి ఆ పిల్లవాడికి లేదు. కేకా వినపడదు, నీళ్లు కొట్టుకున్న చప్పుడూ పెద్దగా ఉండదు. సముద్రం కోసం దీన్ని ఎంత తక్కువకు ఇచ్చినా కొనొద్దు. నెలల పిల్లలకు మెడ చుట్టూ పెట్టే రింగులను మేం పూల్‌కి కూడా వద్దంటాం. వాటి విషయంలో 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరిక ఇచ్చింది, అప్పటికే ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది.

చేతి బ్యాండ్లు కొంచెం నయం, అదీ పూల్‌లో. కొనేటప్పుడు ఒక్కో బ్యాండులో రెండు గాలి అరలు, రెండు వాల్వులు ఉన్నాయో లేదో చూడండి. ఒక అరకు చిల్లు పడినా రెండోది నిలబెడుతుంది. తొడిగే పద్ధతిలో చాలామంది తప్పు చేస్తారు. పూర్తిగా ఊది తొడిగితే మోచెయ్యి దాటక అక్కడే ఆగిపోతుంది. కొద్దిగా గాలి పెట్టి, చెయ్యి తడిపి, మోచేతి పైకి ఎక్కించి, అప్పుడు మిగతా గాలి ఊదాలి. బ్యాండుకీ చేతికీ మధ్య వేలు కష్టంగా దూరాలి. కొబ్బరినూనె గానీ సన్‌స్క్రీన్ గానీ రాసిన చేతికి తొడిగితే మొదటి అలకే జారిపోతుంది. ఒక చేతిది జారితే పిల్లవాడు పక్కకు ఒరిగి మొహం నీళ్లలోకి పోతుంది, అంటే రెండూ లేనంత పనే.

ఫ్లెమింగోలు, మొసళ్లు, గాలి పడవల దగ్గరికి వస్తే అలకన్నా గాలే పెద్ద శత్రువు. ఫ్లెమింగో మెడ, రెక్కలు కలిపి గాలికి అడ్డుపడే భాగం అర చదరపు మీటరు దాకా ఉంటుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి, అంటే ఒడ్డున జుట్టు చెదిరే మామూలు గాలి, దాన్ని సుమారు కిలో బరువుతో నెడుతుంది. కిలో ఎంత అనిపిస్తుంది గానీ నీళ్లలో మునిగిన భాగం నాలుగైదు సెంటీమీటర్లే కాబట్టి ఆపేదేమీ ఉండదు. ఉజ్జాయింపుగా లెక్క వేస్తే అది సెకనుకు అర మీటరు పైనే కదులుతుంది, నిమిషానికి 30 మీటర్లు. మామూలుగా ఈత వచ్చిన మనిషి సముద్రంలో సెకనుకు 0.7 మీటర్లు ఈదితే గొప్ప. మీరు ఫోన్‌లోంచి తల ఎత్తేసరికి ఒక్క నిమిషం గడిచిందనుకోండి. ఆ 30 మీటర్ల దూరాన్ని అందుకోవడానికి ఇంకో రెండున్నర నిమిషాలు ఈదాలి, అప్పటికి ఒడ్డుకు వంద మీటర్లు దాటి ఉంటారు. తిరిగి రావాల్సింది ఆ గాలికి ఎదురుగా, పిల్లవాడిని పట్టుకుని.

గాలి ఎటునుంచి వీస్తోందన్నదే ఇక్కడ కీలకం. మన తీరానికి సముద్రం తూర్పున ఉంది, కాబట్టి పడమటి గాలి అంటే లోపలికి నెట్టే గాలి. తెల్లవారుజామున, పొద్దు బాగా ఎక్కేదాకా నేలమీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. సూర్యోదయం చూసి అలాగే స్నానానికి దిగే కుటుంబాలు నీళ్లలోకి పోయేది సరిగ్గా ఆ సమయంలోనే. మే నెలలో వడగాలి వీచే రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యంగా లేస్తుంది, మధ్యాహ్నం కూడా పడమటి గాలే ఉండొచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు కూడా మన ఒడ్డుకు నేలమీంచే వస్తాయి. పైగా ఇలాంటి గాలికి ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా, బుద్ధిగా కనిపిస్తాయి. ‘ఇవాళ సముద్రం ప్రశాంతంగా ఉంది’ అని ట్యూబు బయటికి తీసేది కూడా అప్పుడే. ఇసుక గుప్పెడు తీసి వదలండి, సముద్రం వైపు ఎగిరితే ఆ రోజు గాలి నింపినదేదీ నీళ్ల దగ్గరికే తీసుకుపోవద్దు. బ్రిటన్ బీచ్‌లలో ఈ పనికి నారింజ రంగు గాలిసంచి (గాలి వాటం చూపే గుడ్డ గొట్టం) ఎగరేస్తారు, అది కనిపిస్తే గాలి బొమ్మలు నీళ్లలో దింపకూడదని అర్థం. అక్కడి సముద్ర రక్షణ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అయితే వీటిని అసలు బీచ్‌కి తేవద్దనే చెబుతుంది. మనకు ఆ గాలిసంచులు మామూలుగా కనిపించకపోవడం పెద్ద లోటు.

ప్యాకెట్ మీద ఏం రాసి ఉంటుందో చదివేవాళ్లు తక్కువ. ఇంటెక్స్, బెస్ట్‌వే లాంటి పెద్ద కంపెనీలవాళ్లే ఇది ప్రాణరక్షణ సాధనం కాదని అచ్చు వేస్తారు. ఐరోపా నిబంధన ప్రకారం పిల్లల నీటి బొమ్మల మీద ‘పిల్లల కాళ్లు నేలకు అందే లోతులోనే, పెద్దల పర్యవేక్షణలోనే వాడాలి’ అన్న హెచ్చరిక ఉండాలి. పూల్‌లో ఆ లోతు మారదు. సముద్రంలో మోకాలి లోతులో నిలబెట్టిన పిల్లవాడి మీదికి మీటరు అల వస్తే ఆ క్షణం వాడికి తల మునుగు లోతు. అల వెనక్కి పోతూ పాదాల కింది ఇసుక లాగేస్తుంది, రింగులో ఉన్న పిల్లవాడు కాలు ఆనించలేక దానితోనే జారిపోతాడు. విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట్ల రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే నీటి ప్రవాహం) ఉన్న పాయ మీద అలలు విరగవు, అందుకే అదే మంచి చోటనిపించి పిల్లల్ని అక్కడే దింపుతారు.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తున్నదే కొనండి, మంచిదే. కానీ అది బొమ్మగా దాని తయారీని చూసి ఇచ్చిన గుర్తు, అలల్లో పిల్లవాడిని కాపాడుతుందన్న హామీ కాదు.

నాణ్యత విషయానికొస్తే, చవక రింగుల పీవీసీ మందం 200 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, కొంచెం మంచివాటిలో 250 దాకా. చిల్లు ఎక్కువగా పడేది అతుకు దగ్గర, వాల్వు చుట్టూ. అతుకు మీద వేసిన ప్యాచ్ నిలవదు, దాన్ని పారేయడమే మంచిది. కొన్నాక ఇంట్లో గట్టిగా ఊది ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి మెత్తబడితే సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడండి. వాల్వు మూత పెట్టాక వాల్వు మొత్తాన్నీ లోపలికి నొక్కేయాలి, బయటికి పొడుచుకుని ఉంటే పిల్లలు పీకేస్తారు. ఇంకో విషయం: 40 డిగ్రీల ఎండలో ఊదిన రింగును 28 డిగ్రీల నీళ్లలో వేస్తే లోపలి గాలి నాలుగు శాతం దాకా కుంచించుకుపోతుంది. రింగు బిగువంతా ఆ కొద్దిపాటి ఒత్తిడి మీదే ఆధారపడి ఉంటుంది కనుక చిల్లు లేకపోయినా అది మెత్తబడి మధ్య కన్నం వదులవుతుంది. మళ్లీ ఊది బిగించి ఎండలో పెడితే అతుకు ఊడుతుంది.

అద్దెకిచ్చే లారీ ట్యూబులు గట్టివే, తొందరగా చిల్లు పడవు. కానీ నల్లటి రబ్బరు ఎండకు కాలుతుంది, లోపలి వైపు ఉండే ఇత్తడి వాల్వు పొట్టను గీరుతుంది, కొట్టుకుపోయే విషయంలో వీటికీ రింగులకీ తేడా లేదు.

నీళ్లలోకి దింపాలనే ఉంటే ఆ డబ్బుకు కొంత కలిపి ఫోమ్ లైఫ్ జాకెట్ కొనండి. దాదాపు వెయ్యి నుంచి రెండున్నర వేలలో పిల్లల సైజులు దొరుకుతాయి. ఐఎస్ఓ 12402 (లైఫ్ జాకెట్ల అంతర్జాతీయ ప్రమాణం) అని, కిలోల్లో బరువు పరిధి అని రాసి ఉన్నదే తీసుకోండి, వయసు చూసి కొనొద్దు. 50 న్యూటన్ల (నీళ్లలో తేల్చే బలానికి కొలత) రకం ఈత వచ్చినవాళ్లకు ఊతమే, స్పృహ తప్పితే మొహం పైకి తిప్పదు. ఈత రాని పిల్లలకు మెడ వెనక దిండు ఉన్న 100 న్యూటన్ల రకం కావాలి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేని జాకెట్ పిల్లలకు పనికిరాదు. తొడిగి, బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవులు దాటి పైకి వస్తే అది పెద్ద సైజు. జాకెట్ వేసినా మీ చెయ్యి అందే దూరంలోనే ఉంచండి, రిప్ కరెంట్ జాకెట్‌ను చూసి ఆగదు.

ఇప్పటికే ట్యూబు కొనేశారా? హోటల్ పూల్‌కి దాచుకోండి. వాడాక మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, టాల్కమ్ పౌడర్ చల్లి మడిస్తే పీవీసీ అతుక్కోదు. కొందరు రింగుకు తాడు కట్టి ఒడ్డున పట్టుకుని నిలబడతారు. రింగు పిడి కేవలం వేడితో అతికించిన ముక్క, నాలుగు అలల లాగుడుకు ఊడిపోతుంది, తాడు పిల్లవాడి కాలికో మెడకో చుట్టుకునే ప్రమాదం అదనం.

ఖాళీ ట్యూబు కొట్టుకుపోతే వదిలేయండి, దాని వెనక ఎవరూ పోవద్దు. పిల్లవాడు దానిమీదే ఉంటే దిగొద్దని, గట్టిగా పట్టుకోమని అరవండి, గాలి ఉన్నంతసేపూ అది తేలుతుంది. ఒకరు లైఫ్‌గార్డ్ దగ్గరికి పరుగెత్తాలి, దగ్గర్లో తెప్పలు, పడవలున్న జాలర్లు ఉంటే వాళ్లను పిలవాలి, ఇంకొకరు పిల్లవాడి మీంచి చూపు తిప్పకుండా చేత్తో చూపిస్తూ నిలబడాలి. ఫోన్ 112కి, కోస్ట్‌గార్డ్‌కైతే 1554కి. ఈత కొద్దిగా వచ్చిన తండ్రి వెనకాలే దూకితే రక్షించాల్సినవాళ్లు ఇద్దరవుతారు.