జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్: పదకొండేళ్లు తోలినవాడి మాట

పాత ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీ ఒకటి అమ్మకానికి ఉంది, తీసుకోవచ్చా మామా అని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

మాది జహీరాబాద్ పక్కన ఊరు. బాపు 1994లో ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అల్లం, ఆలుగడ్డ సీజన్‌లో రాత్రి పదింటికి లోడు ఎత్తి సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా తెల్లారేసరికి హైదరాబాద్ మార్కెట్‌లో దించేవాళ్లం. సుమారు 100 కిలోమీటర్లు. మొదట నేను క్లీనర్‌ని, తర్వాత పదకొండేళ్లు డ్రైవర్‌ని.

ఈ బండికి ముందు బానెట్ ఉండదు, ఇంజన్ సీటు కిందే. అద్దం దాటితే రోడ్డే. మార్కెట్ సందుల్లో బస్తాల మధ్య మూల తిప్పేటప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. ముక్కు లేదు కాబట్టి బండి పొడవంతా లోడుకే దక్కుతుంది. ఇంజన్ మీద కూర్చుని తోలే ఏ బండికైనా ఎండాకాలం కాళ్లకు సెగ తప్పదు. మేం తడి గోనెసంచి పరుచుకునేవాళ్లం. అంతకుముందు పెద్ద లారీ తోలి భుజాలు పడిపోయిన బాపు, దీని స్టీరింగ్ పట్టుకుని మురిసిపోయాడు.

1980లలో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు చిన్న లారీలు వచ్చాయి. సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో ఇది. 1942లో మొదలై ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, వాచీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ వాళ్లది ఈ బండి. కానీ యెన్ విలువ పెరిగి జపాన్ నుంచి తెప్పించే భాగాలు ప్రియమయ్యాయి. 1986లో పోటీగా టాటా 407 దిగింది. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు జహీరాబాద్‌లో వాళ్ల ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

హైదరాబాద్‌లో ఏ చిన్న లారీ కనపడినా 'డీసీఎం' అంటారు. మా పక్కనే తయారైన బండి పేరు అలా జనం నోట్లో నిలవలేదని నాకు ఇప్పటికీ బాధే. ఆల్విన్ పేరు మియాపూర్ దగ్గర చౌరస్తాకు, కూకట్‌పల్లిలో కాలనీకి మిగిలింది.

ఇక కొనేవాళ్లకు. రంగు చూసి మోసపోకండి. బండి కింద పడుకుని, వెనక కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు) ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పు చూడండి. ఖాళీ బండి కాదు, లోడుతో ఎత్తు ఎక్కించి చూడండి. ఒకసారి తొందరలో సందు దుకాణంలో నాసిరకం క్లచ్ ప్లేటు వేయించి, పటాన్‌చెరు దగ్గర అల్లం లోడుతో రాత్రంతా ఆగిపోయాను. పార్టులు దొరికే దారి ముందే చూసుకోండి. రోజూ కిరాయికి తిప్పాలంటే ఇంత పాత బండి వద్దు, మా వాడికీ అదే చెప్పాను. పొలం పనికి, ఇష్టంగా ఉంచుకోవడానికైతే తీసుకోండి. ఆర్సీలో ఆల్విన్ పేరు ఉన్న బండి దొరికితే నాకొకసారి చూపించండి. మాది 2006లో అమ్మేశాం.